వారానికి ఒక్కసారే అని ఒక స్టాంపు కొట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. 2019 చలికాలంలో వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేచేసరికి చేతులు బిగుసుకుపోయి ఉండేవి. ఒకరోజు పాల ప్యాకెట్ మూల కత్తిరించబోతే కత్తెరలో వేళ్లు దూరలేదు. పొద్దస్తమానం కత్తెరతో బతికేదాన్ని, ఆ పూట ప్యాకెట్‌ని పళ్లతో కొరికాను. రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మన ఇళ్లలో కీళ్లవాతం అనేస్తాం గానీ ఇది వయసు మీద పడి కీళ్లు అరిగితే వచ్చే నొప్పి కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి. ఇదంతా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు విన్నది "మందులు మానొద్దు" అన్న ఒక్క మాటే.

ఆ మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. ఈ జబ్బుకు దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పూసిపోతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. నా చీటీలో వారానికి ఒకసారి అని ఇంగ్లిష్‌లోనే ఉంది. మందుల షాపులో అబ్బాయి కవరు మీద రాత్రికి ఒకటి అని రాసిచ్చాడు. నేను ఐదు రాత్రులు వేసుకున్నాను. ఆరో రోజుకి నోటి నిండా పుళ్లు, మజ్జిగన్నం కూడా దిగలేదు. మా అబ్బాయి చీటీ పట్టుకుని మా వీధి చివర డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన మందు ఆపించి ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్పించారు. గర్భిణులు ఈ మందు అసలు వాడకూడదని కూడా అప్పుడే విన్నాను. పెళ్లయిన ఆడపిల్లలకు ఇది రాసిచ్చేటప్పుడు ఆ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పే మనిషి ఉన్నారా అని ఇప్పటికీ నా బెంగ.

ఎవర్నీ తిట్టాలని రాయడం లేదు. చీటీ రాసిచ్చిన రోజు ఆస్పత్రి ఓపీలో నా వెనకాల వరస వరండా దాటి మెట్ల దాకా ఉంది. అంతమందిలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరకడమే కష్టం.

నిజానికి ఈ జబ్బుతో బతకడం నేను నేర్చుకున్నది రక్తపరీక్షల గది బయట బల్ల మీద. ఈ మందు వాడేవాళ్లు లివర్ ఎలా ఉందో, రక్తకణాలు ఎలా ఉన్నాయో అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలి. అక్కడికి మంగళగిరి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. "అమ్మాయ్, నొప్పి ఉన్న రోజు ఎలాగూ పడుకుంటావు. నొప్పి లేని రోజే ఒళ్లు దగ్గర పెట్టుకో" అంది. అంతకుముందు నేను చేసే తప్పు సరిగ్గా అదే. కాస్త బాగుంటే ఆరు జాకెట్లూ ఒక్కరోజే లాగించేసి, తర్వాత రెండు రోజులు మంచం మీద ఉండేదాన్ని. ఇప్పుడు రోజుకు మూడే. పొద్దున గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు పెడతాను. పది గంటలయ్యేదాకా మిషన్ ముట్టను. హుక్కులు, కాజాలు పక్కింటి అమ్మాయి కుడుతుంది, ఆ డబ్బు ఆమెకే. మాత్ర వేసుకునే బుధవారం క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది.

ఆ ఆవిడ తగలకపోతే నేను చుట్టాల సలహాల దగ్గరే ఉండిపోయేదాన్ని. వంకాయ వాతం, దుంపలు వాతం, పప్పు వాతం అంటే నమ్మి ఆరు నెలలు చారన్నంతో గడిపి సగం అయిపోయాను. పైగా "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అనే మాట. అది నొప్పికన్నా ఎక్కువ బాధ పెట్టింది. కట్టు కనబడితేనే నమ్ముతారు మనవాళ్లు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే నర్సు కీళ్ల జబ్బులవాళ్ల కోసం ఒక శిక్షణ తయారు చేశారని మా అబ్బాయి చదివి చెప్పాడు. వారానికి ఒక పూట చొప్పున ఆరు వారాలు. చెప్పేది డాక్టర్లు కాదు, ముందుగా నేర్చుకుని వచ్చిన మామూలు మనుషులు, చాలామంది అలాంటి జబ్బుతోనే ఉన్నవాళ్లు. మంగళగిరి ఆవిడ బల్ల మీద చేసిందీ అదే కదా అనిపించింది. మరి ఆ పని ఆస్పత్రే ఎందుకు చేయించకూడదు?

మా వార్డు సచివాలయం ఏఎన్ఎం ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూసి రాసుకుని వెళుతుంది. మంచి పనే. కానీ షుగర్ ఉందని తేలాక ఇన్సులిన్ సూది రోజూ ఒకేచోట పొడుచుకోకూడదని, కాలికి పుండు పడిందేమో తడిమి చూసుకోవాలని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. కనిపెట్టడంతో పని అయిపోదు.

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రుల అధికారులను నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. మందులిచ్చే కిటికీ దగ్గర ఒక రబ్బరు స్టాంపు పెట్టండి. "వారానికి ఒక్కసారే" అని తెలుగులో, పక్కన ఏ రోజో రాయడానికి ఖాళీ. ఓపీ రోజున ఒక చిన్న గదిలో ఒక నర్సమ్మను కూర్చోబెట్టి, కొత్తగా జబ్బు బయటపడిన ప్రతి ఒక్కరినీ అక్కడికి పంపండి. ఆమె పక్కన పాత పేషెంటు ఒకరికి కుర్చీ వేయండి. ఆ కుర్చీలో కూర్చోవడానికి నేను వస్తాను, డబ్బులేమీ వద్దు. పది గంటల తర్వాత ఏ రోజు రమ్మన్నా సరే.

– ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ