ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు కాదు, శిక్షణ కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంజనీరింగ్ చదువును పరిశ్రమల అవసరాలకు తగ్గట్టు మార్చాలంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. విధానాలకు కొరత లేదు. 2018లో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) బీటెక్ పట్టాకు కావలసిన క్రెడిట్లను 160కి తగ్గించి ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యప్రణాళికలో చేర్చింది. 2024 బడ్జెట్‌లో కేంద్రం ఐదేళ్లలో కోటిమందికి 500 పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ అని ప్రకటించింది. ఒడిశాలోని మా రాయగడ పిల్లలకు మాత్రం వీటివల్ల దక్కింది ఒక సర్టిఫికెట్టే.

సరిహద్దు అవతల ఆంధ్రాలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు వేసవి సెలవులంతా మా ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత చూస్తే, అదే నెలలో ఇంటర్న్‌షిప్ చేసినట్టు వాడి పేరిట సర్టిఫికెట్ వచ్చింది. డబ్బు కట్టించుకుని తరగతి మొత్తానికి అలాగే ఇచ్చారట. సన్నని వస్తువుల మందం కొలిచే నా పాత స్క్రూగేజి చేతికిచ్చి తీగ మందం చూడమన్నాను. లీస్ట్ కౌంట్ (పరికరం కొలవగల అతి చిన్న కొలత) సూత్రం తడబడకుండా చెప్పాడు గానీ, బిగింపు ఎక్కువ కాకుండా ఆపే చివరి పిడి రాచెట్‌ను వదిలేసి, తిరిగే గొట్టం థింబుల్‌నే పట్టుకుని బిగించేశాడు. నాకు కోపం వచ్చింది వాడి మీద కాదు. ల్యాబ్‌లో ఒక్క పరికరం చుట్టూ పదిహేనుమందిని నిలబెట్టి, పాత రికార్డుల్లోని రీడింగులు ఎక్కించుకోనిచ్చి, తనిఖీ బృందం వచ్చే ముందు మాత్రం లేత్ యంత్రాలకు రంగు వేయించే యాజమాన్యం మీద, ఆ రంగు చూసి సంతకం పెట్టి వెళ్లిపోయే అధికారుల మీద.

మా ప్రాంతంలో కర్మాగారాలు లేవా? జేకేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి ఉంది. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, టికిరి దగ్గర ఉత్కళ్ అల్యూమినా, సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం ఉన్నాయి. అయినా కాలేజీవాళ్లు ఒడిశా కర్మాగారాలతో తమకు ఒప్పందం లేదంటారు. పైగా కాలేజీలు ఒక్కో బ్రాంచిలో ఇవ్వగల సీట్ల పరిమితి ఎత్తేశాక అందరి చూపూ కంప్యూటర్ సైన్స్ మీదే. కంప్యూటర్ వద్దని నేను అనను. ఈనాడు పంపు వణుకును సెన్సర్ పసిగట్టి తెరమీద చూపిస్తుంది. అది బేరింగు అరగడం వల్లనా, మోటారుకీ పంపుకీ అలైన్‌మెంట్ (వరస) తప్పడం వల్లనా అన్నది పంపు దగ్గర నిలబడి పనిచేసినవాడే తేల్చగలడు. ముప్పై ఏళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

కాబట్టి ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి విద్యార్థికీ కర్మాగారంలోని వర్క్‌షాపు సూపర్‌వైజర్ రోజూ సంతకం చేసే లాగ్‌బుక్ ఉండాలి, విశ్వవిద్యాలయం దాని ఆధారంగానే మౌఖిక పరీక్ష పెట్టాలి. కాలేజీ ఏ రాష్ట్రంలో ఉన్నా దగ్గరి కర్మాగారంలో శిక్షణ దొరికేలా రెండు ప్రభుత్వాలూ వచ్చే వేసవిలోపే ఒప్పందానికి రావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫోర్‌మన్,
రాయగడ, ఒడిశా.