నిమ్మకాయ నానోవెసికిల్స్ విషయమై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలానికి చెందిన ఒక నిమ్మ రైతు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

మా మేనమామకు బుగ్గ లోపల పుండు లేచినప్పుడు, నిమ్మకాయలోని సూక్ష్మకణాలు క్యాన్సర్‌ను చంపుతాయని ఫోన్‌లో వచ్చిన సందేశాన్ని నమ్మి, నాలుగు నెలలపాటు రోజూ పరగడుపున స్టీలు గ్లాసుడు నిమ్మరసం పుక్కిటపట్టి మింగాడు. పుండు మీద పులుపు పడి కళ్లవెంట నీళ్లు కారుతుంటే, "మంట పుడతందంటే మందు పనిచేస్తన్నట్టే అబ్బయ్యా" అనేవాడు. ఆస్పత్రికి చేరేసరికి జబ్బు మెడ గ్రంథులకు పాకింది. ఆ కాయలు మా తోటవే.

సందేశం పూర్తిగా కల్పన కాకపోవడమే ఇక్కడి చిక్కు. ఇటలీలోని పలెర్మో విశ్వవిద్యాలయ పరిశోధకులు నిమ్మరసం నుంచి 50–70 నానోమీటర్ల కొవ్వుపొర తిత్తులను, అంటే నానోవెసికిల్స్‌ను, వేరుచేశారు. అవి ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకున్నాయనీ, ఒక రకం రక్త క్యాన్సర్ కణాలతో ఎలుకల్లో పెంచిన కణితులను కూడా అదుపు చేశాయనీ 2015లో ప్రకటించారు. అయితే అవి రసం పిండగానే చేతికి వచ్చేవి కావు. పిప్పి తీసి, వడగట్టి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే అతివేగపు యంత్రంలో భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పితే గొట్టం అడుగున పేరుకునే కాస్త మడ్డిలో దొరుకుతాయి. గ్లాసు రసంలో అవి ఎన్ని ఉన్నాయో, కడుపు దాటి కణితి దాకా ఎన్ని చేరతాయో తాగేవారికి తెలిసే దారి లేదు. పైగా వారు పరీక్షించినది సిట్రస్ లిమన్ అనే నిమ్మజాతి, మా తోటల్లోది పలుచని తొక్క ఉండే సిట్రస్ ఆరంటిఫోలియా. రెండూ దాయాదులే గానీ ఒకటి కాదు.

కాబట్టి మన నిమ్మపై నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల కలిసి పరిశోధన చేసేలా నిధులు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. వేసవి కాయకూ చలికాలపు కాయకూ రసంలోనే తేడా ఉంటుందని ప్రతి రైతుకూ తెలుసు. మరి ఏ కాపు నుంచి తీసినా వెసికిల్స్ ఒకే తీరున ఉంటాయా అన్నది ముందుగా తేలాలి. నిమ్మ ధర పెరుగుతుందన్న ఆశతో ఇది అడగడం లేదు. కోత కూలి గిట్టక కాయను చెట్టు కిందే వదిలేయడం మాకు అలవాటైనదే.

ఈలోగా, క్యాన్సర్‌ను నయం చేస్తామనే మందుల ప్రకటనలను నిషేధించే 1954 నాటి చట్టాన్ని "నానో" పేరుతో అమ్మే సీసాలకూ పొడులకూ గట్టిగా వర్తింపజేయండి. నోటి క్యాన్సర్ పరీక్షలకు ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది, "పసరుగానీ రసంగానీ ఏమైనా వాడుతున్నారా?" అని ఒక్క ప్రశ్న తప్పనిసరిగా అడిగేలా ఆదేశించండి. ఆ నాలుగు నెలల్లో మా మామను ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

భవదీయుడు,
ఒక నిమ్మ రైతు,
పొదలకూరు మండలం