కరణాల దస్త్రాలను కాపాడండి

సంపాదకుల గారికి,

భూముల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయన్న ధీమాతో ఊరి భూముల లెక్కలు రాసిన కరణాల పాత దస్త్రాలను గాలికి వదిలేస్తున్నాం. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాక కొన్ని లెక్కలు కచేరీలకు చేరాయి, కొన్ని ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. చెదలు, చెమ్మ ఏటా కొంత తినేస్తున్నాయి.

వీటి విలువ తెలియాలంటే మెకంజీ కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రల సంపుటాలు, చూడాలి. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులైన కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన వాటిలో ఎన్నో వివరాలు కరణాలు తరతరాలుగా ఊరి లెక్కలు, విశేషాలు రాసుకున్న దండకవిలెల్లోంచి ఎత్తి రాసుకున్నవే. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత, ఊరు ఎందుకు పాడుబడింది అన్నీ అందులో ఉంటాయి. తర్వాత బ్రౌన్ దొర నకళ్లు రాయించబట్టి మనకు ఆ మాత్రమైనా దక్కింది. మూల కవిలెలు చాలామటుకు పోయాయి. ఎంత నష్టం!

ఊరి పొలాల, పంటల లెక్క అయిన అడంగల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సర్వే నంబరు, పేరు, విస్తీర్ణం వస్తాయి. పక్కన సన్నటి అక్షరాలతో రాసిన ‘గట్టు తెగి ఇసుక మేట’ లాంటి మాట రాదు. రేపు చెరువు ఆక్రమణ తగాదాలో పనికొచ్చేది ఆ మాటే.

ప్రభుత్వం జిల్లాకొక పొడి గది కేటాయించాలి. తాటాకు ప్రతులకు నిమ్మగడ్డి నూనె పూయించాలి. ఇళ్లలో ఉన్నవాటిని రశీదు ఇచ్చి తీసుకుని, ఫొటోలు తీశాక కూడా అసలు ప్రతులను భద్రపరచాలి. అక్షరాలు కలిపి రాసే పాత గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు, వాళ్లను గౌరవ వేతనంతో వెంటనే ఈ పనిలోకి పిలవాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి