ఐర్లండ్‌లోని మన తెలుగు సంఘం 2023 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పండగలు, తెలుగు బడి, పిల్లల ఆటల పోటీలు అన్నీ మీ కళ్ల ముందే జరిగాయి. వాటి వివరాలు ఉపసంఘాల నివేదికల్లో ఉన్నాయి. నేను మాత్రం ఎక్కువగా ఐరోపా సమాఖ్య నిధుల పని గురించే చెప్పదలచుకున్నాను. గత సమావేశంలో మీరే తీర్మానం చేసి మాకు అప్పగించిన పని అది. ఏడాది పొడవునా మమ్మల్ని ఎక్కువ మంది అడిగిన ప్రశ్న కూడా దాని గురించే: "ఇంత తిరిగారు కదా, మనకు ఎంత వచ్చింది?"

మన సంఘానికి ఒక్క యూరో కూడా రాలేదు. మనం అడగనూ లేదు. డబ్బు కౌన్సిల్‌కు, అంటే మన కౌంటీ (జిల్లా) పాలక సంస్థకు, వస్తుంది. ఏ ఊరికి, ఏ పనికి ఎంత అన్నది ప్రణాళికలో ముందే రాసుకుంటారు. అది రాసే రోజున ఆ గదిలో మనం లేకపోతే, తర్వాత ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ప్రయోజనం ఉండదు. ఐర్లండ్‌కు వచ్చి పదిహేనేళ్లయినవాళ్లు కూడా మనలో ఉన్నారు. ఇంతకాలం మనం ఆ గది గడప తొక్కలేదు. 2023లో తొక్కాం.

ఉత్తర ఐర్లండ్ సరిహద్దును ఆనుకున్న మన కౌంటీలో ఈ ఏడాది రెండు ప్రణాళికలు ఒకేసారి తయారయ్యాయి. ఒకటి గ్రామీణ ప్రాంతాల కోసం ఐరోపాలో 1991 నుంచి నడుస్తున్న లీడర్. 2023–27 కాలానికి ఐర్లండ్ మొత్తానికి దీని కింద 18 కోట్ల యూరోలు ఉన్నాయి. నిధులు ఎవరికివ్వాలో స్థానిక కార్యాచరణ బృందం తేలుస్తుంది. ఆ బృందంలో నిర్ణయాలు ఏ ఒక్క వర్గం చేతిలోనూ ఉండకూడదన్నది నియమం. రెండోది పీస్‌ప్లస్. 1995లో మొదలైన శాంతి నిధులకు ఇది కొనసాగింపు. 2021–27 కాలానికి 110 కోట్ల యూరోలకు పైనే ఉంది. ఉత్తర ఐర్లండ్‌ను పాలించే బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకున్నా ఇది ఆగలేదు. ఉత్తర ఐర్లండ్‌లోని 11 కౌన్సిళ్లు, సరిహద్దుకు ఇటువైపున్న 6 కౌన్సిళ్లు ప్రజలతో కలిసి కూర్చుని స్థానిక ప్రణాళికలు రాయాలి. కలిసి కూర్చోవడం ఇక్కడ మర్యాద కోసం పెట్టిన మాట కాదు, షరతు.

"కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య శాంతి కోసం ఇచ్చే డబ్బులో మన పనేమిటి?" అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ స్థానిక ప్రణాళికలకు మూడు అంశాలు నిర్దేశించారు. మూడోది అన్ని సాంస్కృతిక గుర్తింపుల పట్ల గౌరవం. 2022 జనగణన నాటికే ఐర్లండ్‌లో భారత పౌరులు 45 వేల మంది ఉన్నారు. ఆ అంశం కింద మన గురించి ఇంకెవరో ఊహించి రాసేకంటే మనమే చెప్పుకోవడం మేలని కార్యవర్గం భావించింది.

మొదట్లో కౌన్సిల్ సభలు మంగళవారం ఉదయం పదకొండుకు పెట్టేవారు. ఆ వేళకు మన నర్సులు రాత్రి డ్యూటీ ముగించుకుని నిద్రలో ఉంటారు, మిగతావాళ్లు డబ్లిన్‌లో ఆఫీసుల్లో ఉంటారు. మనం రాలేదు కాబట్టి మనకు ఆసక్తి లేదని రాసుకున్నారు. శనివారం పెట్టండి, పిల్లలను మేం చూసుకుంటాం, ప్రశ్నావళిని తెలుగులో మేమే ఇస్తాం అని ఉత్తరం రాశాం. జవాబు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఈలోగా మనతో మాట్లాడే అధికారి రెండుసార్లు మారారు. ప్రతిసారీ మనమెవరమో మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

చివరకు అక్టోబరు 21, శనివారం ఖరారైంది. బతుకమ్మ రోజులు. రెండూ కలిపి చేద్దామన్న ఆలోచన మన ఉపాధ్యక్షురాలిది. ఆ వారమంతా బాబెట్ తుఫాను వాన. తంగేడు, గునుగు ఇక్కడెక్కడివి? చామంతులు, బంతులు కొన్నాం. హాలు పక్కింటి పెద్దావిడ తన పెరట్లోని హైడ్రేంజియాలన్నీ కోసి బుట్టతో పంపారు. నది ఉప్పొంగి ఉన్నందున బతుకమ్మలను పెద్ద తొట్టెలో నిమజ్జనం చేశాం. ఆట అయ్యాక పులిహోర, సత్తుపిండి పంచి, కౌంటీ పటాన్ని బల్ల మీద పరిచాం. ఊరికి ఏం కావాలో చీటీ మీద రాసి పటం మీద అంటించమన్నాం.

మనవాళ్లలో ఒక నర్సు ఒక రోడ్డు మీద చీటీ అంటించారు. చివరి బస్సు దిగాక అక్కడి నుంచి ఇంటికి కాలిబాట లేదు, దీపాలు లేవు, చీకట్లో కార్లకు భయపడుతూ గట్టు అంచున నడుస్తున్నాను అని రాశారు. కాసేపటికి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అదే రోడ్డు మీద ఇంకో చీటీ పెట్టారు. ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్కుల, ప్రొటెస్టెంట్ల గొడవల కాలంలో బ్రిటిష్ సైన్యం ఆ రోడ్డును పేల్చి గుంతలు చేసి మూసేసిందట. ఆవిడ చిన్నతనంలో అమ్మమ్మ ఇంటికి చుట్టూ తిరిగి వెళ్లేవారట. ఇప్పుడు రోడ్డు తెరిచి ఉన్నా నడిచే వీలు లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. రెండు చీటీలూ ఒకదాని పక్కన ఒకటి. కౌన్సిల్ ఇంజినీరు గారు వాటిని చూసి, కోటు విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నారు. సాయంత్రం ఆరు దాకా కదలలేదు.

ఆ కాలిబాటే ఈ ఏడాది మన ప్రతిపాదన. స్థలం ఎవరిది, దీపాల కరెంటు బిల్లు ఎవరు కడతారు, అయిదేళ్ల తర్వాత మరమ్మతులు ఎవరివి అన్న ప్రశ్నలకు జవాబులు వెతకడానికే నవంబరు పట్టింది. ఊహకు, ప్రాజెక్టుకు తేడా అక్కడే తెలిసింది. నాలుగు పేజీల పత్రం తయారు చేసి ఇచ్చాం. ముసాయిదా ప్రణాళికలో అది చేరింది. చేరినంత మాత్రాన మంజూరైనట్టు కాదని సభ్యులు దయచేసి గమనించాలి.

నవంబరు 23న డబ్లిన్‌లో వలసదారులకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగాక చాలామంది సాయంత్రం బయటికి రావడానికి వెనుకాడారు. రెండు సమావేశాలు ఆన్‌లైన్‌లో జరిపాం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే ఆ భయం లేని ఆగస్టులోనూ ఇదే పరిస్థితి. సేవ చేస్తామని పేరిచ్చినవారు ఇరవై ఆరు మంది, ప్రశ్నావళి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవారు ఏడుగురు. అందులో ఇద్దరు పదో తరగతి పిల్లలు. వాట్సాప్‌లో నమస్కారాలు పెట్టినంత సులువుగా శనివారాలు ఇవ్వలేకపోతున్నాం. ఇది ఎవరినీ నొప్పించడానికి రాయడం లేదు. ఆ ఏడుగురు మరో ఏడాది ఇలా లాగలేరు.

లెక్కల విషయం. సంఘం ఖర్చులో ఈ పనికి అయినది హాలు అద్దె, ముద్రణ, పూలు, భోజనం మాత్రమే. పట్టికను కోశాధికారి గారు విడిగా ఇస్తారు. రసీదులన్నీ ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు.

హాలు తాళాలు మన చేతికే ఇచ్చిన పారిష్ (స్థానిక చర్చి) వారికి, ప్రశ్నావళిని మూడుసార్లు దిద్దిన విశ్రాంత ఐరిష్ ఉపాధ్యాయుడికి, నూట పది మందికి వండిన మూడు కుటుంబాలకు, పిల్లలను చూసుకున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు, హైడ్రేంజియాలు పంపిన ఆవిడకు, కోటు విప్పి కూర్చున్న ఇంజినీరు గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

లీడర్ నిధులకు దరఖాస్తు చేసే స్థానిక బృందాలకు ఒక హెచ్చరిక: అక్కడ ముందు ఖర్చు పెట్టి, రసీదులు చూపాకే డబ్బు తిరిగి వస్తుంది. ఆ ముందు పెట్టుబడి లేక మంచి పనులు ఆగిపోతున్నాయి. పక్క ఊరి క్రీడా మైదానం బృందం సాయం అడిగింది. లెక్కలు తెలిసిన సభ్యులు ఇద్దరు కావాలి.

కాలిబాట కోసం ఆ రోడ్డు మీద ఎంతమంది నడుస్తున్నారో లెక్క కావాలని కౌన్సిల్ అడిగింది. మార్చిలో వరుసగా నాలుగు శనివారాలు, ఉదయం ఏడు నుంచి రాత్రి చివరి బస్సు దాకా. వంతుల పట్టిక తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ఇప్పటికి అందులో మూడు పేర్లున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి