గోర్డన్ ఎవరి దారికీ అడ్డం కాదు

సంపాదకులకు,

స్కాట్లాండ్ 28 ఏళ్ల తర్వాత ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు (2026) చేరిన వార్త మీ క్రీడాపేజీలో చదివి ఎంతో సంతోషించాను. అయితే 42 ఏళ్లు దాటిన క్రెయిగ్ గోర్డన్‌ను ఇంకా గోల్‌కీపర్‌గా ఆడించడం కుర్రాళ్లకు అన్యాయమని ఒక పాఠకుడు ఇదే శీర్షికలో రాశారు. 11 ఏళ్లుగా ఎడిన్‌బరాలో ఉంటూ, టిక్కెట్టు కొని ఇక్కడి క్లబ్బు హార్ట్స్ మ్యాచ్‌లకు వెళ్తున్న నేను ఆ మాట ఒప్పుకోలేను.

గోర్డన్ ఈ ఊరి బిడ్డే. 2006లో హార్ట్స్‌తో స్కాటిష్ కప్ గెలిచాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ క్లబ్బు సండర్లాండ్ అతన్ని 90 లక్షల పౌండ్లకు కొంది. అప్పటికి బ్రిటన్‌లో ఏ గోల్‌కీపర్‌కూ అంత ధర పలకలేదు. 2010 డిసెంబరులో బోల్టన్ ఆటగాడు జాట్ నైట్ రెండు మూడు గజాల నుంచి కొట్టిన బంతిని అతను ఆపిన తీరు వెతుక్కుని చూడండి. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ తొలి 20 ఏళ్లలో అదే ఉత్తమ సేవ్‌గా ఎంపికైంది.

తర్వాత మోకాలు దెబ్బతీసింది. 2012లో కాంట్రాక్టు ముగిసింది. రెండేళ్లు ఏ క్లబ్బూ లేదు. 2014లో స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్ పిలిచింది. 2016–17లో స్వదేశంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఆ జట్టుకు గోల్‌కీపర్ ఇతనే. తిరిగి హార్ట్స్‌కు వచ్చాక, 2022 క్రిస్మస్ ముందురోజు డండీ యునైటెడ్ మైదానంలో కాలు రెండుచోట్ల విరిగింది. అప్పటికి 40కి వారం తక్కువ. ఏడాదికి పైగా ఆటకు దూరమై, మళ్లీ గ్లౌజులు తొడిగాడు.

జాతీయ జట్టులో మొహమాటంతో చోటిచ్చారనడం తప్పు. 2024 యూరోకు (ఐరోపా దేశాల కప్పుకు) తుది జట్టులోంచి అతన్ని తీసేశారు. 2025 నవంబరులో జట్టు గోల్‌కీపర్ ఆంగస్ గన్ గాయపడ్డాడు. ఆ సీజన్‌లో అప్పటికి హార్ట్స్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడని గోర్డన్‌నే కోచ్ స్టీవ్ క్లార్క్ నమ్మాడు. 18న స్కాట్లాండ్ సొంత మైదానం హాంప్‌డెన్‌లో డెన్మార్క్‌పై 4–2తో గెలిచిన రాత్రి ఎదుటి గోల్‌లో ఉన్న కాస్పర్ ష్మైకేల్‌కూ 39 ఏళ్లు!

మరి కుర్రాళ్లేరి? అప్పుడు సెల్టిక్ గోల్‌కీపర్ ఆ ష్మైకేలే, డెన్మార్క్‌వాడు. మరో పెద్ద క్లబ్బు రేంజర్స్‌కు ఇంగ్లండ్‌కు చెందిన బట్లాండ్. హార్ట్స్‌కు జర్మనీ నుంచి వచ్చిన ష్వోలో. స్కాట్లాండ్ కుర్రాడు బెంచీ మీద కూర్చుంటే చేయి తిరిగేదెలా? గోల్‌కీపర్‌కు అనుభవం మ్యాచ్‌లోనే వస్తుంది, ప్రాక్టీసులో రాదు. ఆ పాఠకుడి బాధలో న్యాయం ఉంది, కానీ ఆయన నిలదీయాల్సింది ఈ క్లబ్బులను.

2026 జూన్‌లో ప్రపంచకప్ మొదలయ్యేసరికి గోర్డన్‌కు 43 నిండి ఉంటాయి. 2018 ప్రపంచకప్‌లో ఈజిప్టు గోల్‌కీపర్ ఎల్ హదారీ 45 ఏళ్ల వయసులో పెనాల్టీ ఆపాడు. ఒంట్లో సత్తువ ఉంటే గోర్డన్‌నూ తీసుకెళ్లాలి.

– ఒక పాఠకుడు, ఎడిన్‌బరా