పిల్లలకు పుస్తకాలు కొనేముందు

అందరికీ నమస్తే. ఆదివారం తిరుపతిలో పిల్లల పుస్తకాలు కొనడానికి వెళ్లేవాళ్లు అట్ట మీది బొమ్మ చూసి తీసేసుకోకండి. మధ్యలో ఒక పేజీ తెరిచి అక్కడే పైకి చదవండి. మీ నాలుకే తడబడినా, స్కూలు పాఠంలా అనిపించినా పక్కన పెట్టేయండి. తర్వాత అక్షరాలకు చెయ్యి అడ్డం పెట్టి బొమ్మలు మాత్రమే చూడండి. కథ సగమైనా తెలియాలి. కుక్క పారిపోయిందని రాసి బొమ్మలో పడుకోబెడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, మీకే జవాబు ఉండదు.

రెండేళ్లలోపు వాళ్లకు మందపాటి అట్ట పేజీలు, గుండ్రటి మూలలు ఉన్నవే. పల్చటి కాగితం నేరుగా నోట్లోకి పోతుంది. మూడు, నాలుగేళ్లకు పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే కథైతే కాసేపటికి వాళ్లే అందుకుంటారు. చివర్లో ‘నీతి’ అని అచ్చేసి ఉంటే ఆ లైను చదవకుండా వదిలేయండి, కథకేమీ నష్టం లేదు.

డబ్బు పెట్టేముందు ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదివి చూడండి. చదవడం అప్పుడే మొదలుపెట్టేవాళ్ల కోసం ఉన్న లెవెల్ 1 కథలు 250 మాటలకు మించవు. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం కూడా మాట్లాడేవాళ్లకు చాలా కథలు రెండు భాషల్లోనూ దొరుకుతాయి. ఫోన్‌లో చూపిస్తే వేలు వీడియోల మీదికే పోతుంది, ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీయించండి.