ఏజెన్సీ పీహెచ్‌సీలో చేరబోతున్న నీకు

ఒరే బావా,

పాడేరు పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసరుగా చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. మలేరియా, పాముకాటు గురించి నువ్వడిగినవన్నీ విడిగా రాస్తాను, వాటికి పుస్తకాలైనా ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం పల్లె నర్సులైన నీ ఏఎన్‌ఎంల గురించీ, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తల గురించీ, వాళ్ళ చేతుల మీదుగా నడిచే టీకాల గురించీ. అక్కడ నీ ప్రిస్క్రిప్షన్ వల్ల బతికే పిల్లలకన్నా వాళ్ళ నడక వల్ల బతికేవాళ్ళే ఎక్కువ రా.

ముందు లెక్క చూడు. మైదానంలో 5,000 జనాభాకు ఏఎన్‌ఎం ఉండే సబ్ సెంటర్ ఒకటి, కొండ ప్రాంతంలో 3,000కు ఒకటి. పీహెచ్‌సీ మైదానంలో 30,000కు, కొండల్లో 20,000కు. ఈ కొలతలో మనుషులున్నారు, దూరం లేదు. డెల్టాలో ఐదు వేల మంది రెండు మూడు ఊళ్ళలో దొరుకుతారు, ఏఎన్‌ఎం ఆటో ఎక్కి వెళ్ళి వస్తుంది. నీ దగ్గర మూడు వేల మంది పాతిక గూడేల్లో ఉండొచ్చు, కొన్నింటికి బండి ఎక్కదు. వాగు పొంగితే అవతలి ఒడ్డు పిల్లలకు ఆ నెల టీకా లేనట్టే. అందుకే ఏ గూడేనికి ఎవరు ఎప్పుడు వెళ్ళాలో రాసే మైక్రోప్లాన్ తయారుచేసేటప్పుడు కిలోమీటర్లు రాయించకు, కాలినడకన ఎన్ని గంటలో రాయించు. ఏ గూడేనికి రెండో మనిషి కావాలో అప్పుడు పైవాళ్ళకు కాగితం మీద చూపించగలవు.

ఇక ఏఎన్‌ఎం పని. గర్భిణుల నమోదు, బీపీ, హిమోగ్లోబిన్, ఐరన్ మాత్రలు, జ్వరం కేసులకు రక్తపూత, క్షయ అనుమానితుల కఫం, 30 ఏళ్ళు దాటినవాళ్ళకు షుగర్ సర్వే, ఆ పైన టీకాలు. వీటిలో ప్రతిదానికీ ఒక రిజిస్టరు, ఒక యాప్. సిగ్నల్ లేని చోట పగలంతా కాగితం మీద రాసుకుని, రాత్రి కిందికి దిగాక అదే మళ్ళీ ఫోన్‌లో ఎక్కిస్తారు. ఒక్క బిడ్డ టీకా తల్లీబిడ్డ కార్డులో ఒకసారి, రిజిస్టరులో ఒకసారి, టీకాల యాప్ యూ-విన్‌లో ఒకసారి! కనీసం బుధ, శనివారాల్లో, అవి టీకా రోజులు కాబట్టి, నీ ఆఫీసు నుంచి ఏ రిపోర్టూ అడగకుండా చూడు. జిల్లా నుంచి ఫోన్ వస్తే నువ్వే సమాధానం చెప్పు.

టీకా అనగానే అందరం ఎండకు భయపడతాం. నీ కొండల మీద అసలు ప్రమాదం గడ్డకట్టడం. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది, మన మాటలో పెంటా), హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా), ఐపీవీ (పోలియో సూది), పీసీవీ (న్యుమోనియా టీకా) గడ్డకడితే పనికిరావు. టీకా సీసా (వయల్) మీద రంగు మారే వీవీఎం గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. బయటికి అంతా బాగానే ఉంటుంది, బిడ్డకు సూది పడుతుంది, రక్షణ రాదు. ఇది ఎలా జరుగుతుందంటే, పొద్దున్నే తొందరలో డీప్ ఫ్రీజర్‌లోంచి ఐస్‌ప్యాక్‌లు తీసి నేరుగా టీకాలు మోసుకెళ్ళే క్యారియర్‌లో పెట్టేస్తారు. అవి మైనస్ 15 నుంచి మైనస్ 25 డిగ్రీల దగ్గర ఉన్నవి. వాటిని బల్ల మీద పరిచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగాలి. విశాఖలో అది త్వరగా అవుతుంది. చింతపల్లి, లంబసింగి చలిలో, డిసెంబరు పొద్దున, చాలాసేపు పడుతుంది. టైము చూసి కాదు, చప్పుడు విని పెట్టమను. అంటే ఐస్‌ప్యాక్‌లు తీసే మనిషి అందరికన్నా ముందు రావాలి, ఆ డ్యూటీ ఎవరిదో పేరు పెట్టి రాసి ఉండాలి.

టీకాలు దాచే ఫ్రిజ్ ఉంది చూడు, ఆ ఐఎల్‌ఆర్‌లో కూడా అంతే. ఉష్ణోగ్రత ప్లస్ 2 నుంచి ప్లస్ 8. గడ్డకడితే పాడయ్యేవి పైన బుట్టలోనే ఉండాలి, అడుగున పెట్టకూడదు. అడుగున ఓపీవీ (పోలియో చుక్కలు), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), బీసీజీ (క్షయ టీకా) పెట్టొచ్చు. పొడి టీకాలో కలిపే ద్రవం, అదే డైల్యూయెంట్, ముందు రోజే ఐఎల్‌ఆర్‌లో చేరాలి, గది వేడిలో ఉన్నది కలిపితే టీకా దెబ్బతింటుంది. ఐఎల్‌ఆర్‌లో వేరే మందు ఒక్కటి కూడా ఉండనివ్వకు. డైల్యూయెంట్ అనుకుని మరో మందు కలిపిన ఘటనల్లో పిల్లలు చనిపోయారు.

కలిపిన ఎంఆర్, బీసీజీ నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే. వాటిలో క్రిములను ఆపే మందు ఉండదు. పొద్దున తెరిచిన వయల్‌ను సాయంత్రం ఇంకో గూడెంలో వాడితే స్టాఫిలోకాకస్ పెరిగి, కొద్ది గంటల్లో బిడ్డ ప్రాణం పోవచ్చు. కలిపిన టైము వయల్ మీద రాయని సెషన్ కనబడితే, దయచేసి అక్కడే ఆపి రాయించు. పెంటా, టీడీ, ఓపీవీ, పీసీవీ లాంటివి వేరు. తెరిచిన తేదీ రాసి, వీవీఎం బాగుండి, చల్లగా ఉంటే 28 రోజుల దాకా వాడొచ్చు.

ఇక్కడే ఇంకో చిక్కు. ఎంఆర్ వయల్‌లో ఐదు డోసులు, బీసీజీలో పది. గూడెంలో ఒక్కడే బిడ్డ ఉంటే, నాలుగు డోసులు వృథా అని పైవాళ్ళు అడుగుతారన్న భయంతో "వచ్చే నెల రా అమ్మా" అనేస్తారు. ఆ వచ్చే నెలకు తల్లి కూలికి దిగి వెళ్ళిపోయి ఉంటుంది. ఒక్క బిడ్డ ఉన్నా వయల్ తెరవాలనే నిబంధన చెబుతోంది. మొదటి మీటింగ్‌లోనే నువ్వు నోరు తెరిచి "వృథాకు జవాబు నాది" అని చెప్పు. ఆ ఒక్క మాటతో నీ ఎంఆర్ కవరేజీ మారుతుంది.

తల్లులు రాకపోవడానికి మూఢనమ్మకమని రాసి ఊరుకునేవాళ్ళను నమ్మకు. ఆరో వారం పెంటా వేశాక బిడ్డకు జ్వరం వస్తుంది, రాత్రంతా ఏడుస్తాడు, ఎవరూ ముందు చెప్పలేదు, ఆ తల్లి పదో వారానికి రాదు. ఏ టీకా వేశాం, ఏమవుతుంది, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు దాచుకో: ఈ నాలుగు మాటలు, ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టడం. జ్వరానికి పారాసిటమాల్ బరువు కిలోకు 15 మి.గ్రా., నాలుగు కిలోల బిడ్డకు 60. ఎన్ని మిల్లీలీటర్లో సీసా చూసి తల్లికి కొలిచి చూపించాలి. గిరిజన భాష కువి మాట్లాడే గూడెంలో ఈ మాటలు తెలుగులో చెబితే తల్లి తల ఊపుతుంది, అంతే. అక్కడ ఆశా నోటితోనే చెప్పించాలి.

ఆశా గురించి మరొకటి. 2005లో ఈ వ్యవస్థ మొదలైనప్పుడు ఆమెను వాలంటీరన్నారు. మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 10,000 గౌరవ వేతనం. ఆసుపత్రి కాన్పయినా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్ళి పసిబిడ్డను తూచాలి, ఒళ్ళు చల్లబడిందా, పాలు తాగుతున్నాడా చూడాలి. మూడో రోజు పోకపోతే మిగతావి వెళ్ళినా ప్రయోజనం చాలా తగ్గుతుంది, ఎందుకంటే పసివాళ్ళ చావుల్లో ఎక్కువ భాగం మొదటి వారంలోనే. తూకం యంత్రం, థర్మామీటరు బ్యాటరీలు అయిపోయి సంచీలో పడుంటాయి, ఎవరూ అడగరు. ఫలానా పనికని కట్టిపెట్టని అన్‌టైడ్ నిధుల్లోంచి బ్యాటరీలు కొనివ్వు. వేతనం ఆలస్యమైతే ఏ కాగితం ఎక్కడ ఆగిందో నువ్వే కనుక్కుని చెప్పు.

చేరిన రోజే ఐఎల్‌ఆర్ టెంపరేచర్ పుస్తకం తెరువు. రోజుకు రెండుసార్లు రాయాలి. నెల పొడుగునా ఒకే అంకె, ఒకే సిరాతో ఉంటే ఎవరినీ తిట్టకు, పక్కన కూర్చుని థర్మామీటరు నువ్వే చదువు. ఆ అంకెలు నాకు రాయి, ఆ తర్వాత కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో చూద్దాం.

నీ స్నేహితుడు